లేసు వలయము

గృహాలంకారములలో మిక్కిలి స్వల్పమైన వెచ్చముతో సమకూడి, మిక్కిలి యధికమైన యోర్పును కోరునది క్రోషే లేసు. ఒక నూలుండయు, కొనయందు సన్నని కొక్కెముగల సూదియు, వెలుతురు చక్కగా పడుచోటును ఉన్నచో చాలును. టీపాయిమీద పరచు డాయిలీ యైనను, రంగునూళ్లతో అల్లి వలయాకారపు చట్రమునకు బిగించి గోడకు వ్రేలాడగట్టు మండలమైనను, కేంద్రమునుండి అంచువరకు వరుస వెంట వరుసగా విస్తరించుచు వచ్చును.

దీని సౌందర్యమున కాధారము గణితమని నా విశ్వాసము. ఆరు గొలుసులు వేసి, కొసను మొదటితో కలిపి, ఏర్పడిన రంధ్రములోనికి 12 పొడుగు కుట్లు దించుట మొదటి వరుస. రెండవ వరుసలో ప్రతి కుట్టు తలపైనను రెండేసి వేయగా 24 అగును, మూడవదానిలో ఒకదానిపై ఒకటి, ప్రక్కదానిపై రెండు చొప్పున వేయగా 36, నాల్గవదానిలో 48. వరుసకు 12 చొప్పున పెరుగుచున్నంతవరకు అల్లిక చదునుగా పరచుకొనును. పొట్టి కుట్లకైనచో వరుసకు 6 చాలును. ఏలయన వ్యాసార్ధము కుట్టు యెత్తంత పెరిగినపుడు, పరిధి అందుకు ఆరురెట్లకు కొంచెము మించి పెరుగును. పొట్టి కుట్టుకు ఎత్తును వెడల్పును ఇంచుమించు సమానము, పొడుగు కుట్టు ఎత్తు దాదాపు రెట్టింపు. లెక్క తగ్గినచో అల్లిక దొప్పవలె ముడుచుకొనును. మించినచో అంచు మడతలు పడును. ఆ మడతలనే బుద్ధిపూర్వకముగా పెంచి, 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయమునందు డైనా టైమినా యను గణితశాస్త్రజ్ఞురాలు, యూక్లిడు జ్యామితికి లోబడని అతిపరావలయ తలమును విద్యార్థులు చేతబట్టి చూచునట్లు అల్లి చూపెను. సూదిపట్టిన స్త్రీలు వ్రేళ్లతో నెరిగిన సత్యమునకు శాస్త్రమందును ఇట్లు స్థానము లభించినది.

చదును కుదిరిన పిమ్మట గొలుసులతో తోరణములు కట్టి, వానిపై అనాసపండు నమూనాను ఎక్కించి, కడపటి వరుసలో మూడేసి గొలుసులను వెనుకకు ముడివైచి అంచునకు మొగ్గలు పెట్టుదురు. ఐనను, అప్పుడే పూర్తియైన డాయిలీ నలిగి, ఆకృతి తోపకయుండును. దానిని ఉదికి, పలుచని గంజిలో ముంచి, మెల్లగా పిండి, దుప్పటి మడతపై పరచి, తుప్పుపట్టని గుండుసూదులను ఎదురెదురు మొనలకు గ్రుచ్చుచు, తోరణములన్నియు సమముగా సాగునట్లు లాగి, నీడను ఆరనీయవలెను. సూదులు తీసిన క్షణమున ప్రతి రంధ్రమును తన రూపును చూపును. అల్లినదంతయు అంతవరకు దాగియుండెనని అప్పుడే తెలియును.

ఈ కళకు మన దేశమున పేరుపడిన పట్టు పశ్చిమగోదావరి యందలి నరసాపురము. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల వలన వచ్చిన యీ విద్య పరిసర గ్రామములలో ఇంటింట వేళ్లూనినది. పూవులను విడివిడిగా అల్లుట చేతిపని; వానిని జోడించి బల్లగుడ్డలుగను, దుప్పట్లుగను చేయుట అతుకుపని. వంటకును, పిల్లల సంరక్షణకును నడుమ చిక్కిన ఘడియలలో స్త్రీలు అల్లినది సముద్రములు దాటి పరదేశముల భోజనపు బల్లలను అలంకరించినది. మరియా మీస్ అను జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు 1982లో ప్రకటించిన గ్రంథమున, ఈ స్త్రీలను పనివారుగ గాక ఇంట ఊరక కూర్చున్న గృహిణులుగ గణించుటయే వారి కూలి స్వల్పమగుటకు మూలమని నిరూపించెను. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు రక్షణ కలిగినందులకు సంతోషమే, కాని శ్రమకు తగిన మూల్యము వేరొకచోట, కొనువాని మనస్సునందు, పుట్టవలసియున్నది.

అందువలననే ప్రతి గృహమునను ఒక్క డాయిలీనైనను ఆ యింటివారే అల్లుకొనవలెనని నేను కోరుదును. పురుషులు మాత్రము ఏల అల్లరాదు? ఒక వరుసలో లెక్క తప్పి, దానిని విప్పి, మరల అల్లినవారికి, జానెడు లేసులో ఎన్ని సాయంకాలములు ఇమిడియున్నవో ఒకరు బోధింపనక్కరలేదు. అట్టివారు అంగడిలో లేసు చేతబట్టినపుడు మొదట వెనుకవైపు త్రిప్పి ముడులను చూతురు, పిదప ధర యడుగుదురు, అడిగినంతయు ఇత్తురు.