చేదుకట్టు పోయాక తిండి లెక్క (నాలుగో భాగం)

పోయిన భాగాన్ని ఆపరేషన్ దగ్గర ఆపాను. అది చదివి ఫోన్లు చేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. కూలికి పోయేవాళ్లు, అంగన్‌వాడీలో చేసేవాళ్లు, ఇద్దరు టీచర్లు. అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న. "అక్కా, నాకూ రాళ్లని చెప్పి గాల్ బ్లాడర్ తీసేశారు. ఏం తినాలో తెలీట్లేదు. తింటే బాత్రూమ్‌కి పరుగు, తినకపోతే నీరసం. ముందు చిక్కిపోయా, ఇప్పుడేమో లావైపోతున్నా." ఈ భాగం పూర్తిగా వాళ్లకోసమే. నేను డాక్టర్ని కాదు. 14 నెలలుగా ఈ పొట్టతో మీటింగులకి తిరుగుతున్న మనిషిని. నా ఒంటి మీద తేలిన సంగతులు, డాక్టర్లని విసిగించి తెలుసుకున్న సంగతులు కలిపి చెప్తాను.

ముందు ఒక మాట. గాల్ బ్లాడర్ మనకి తెలీని వస్తువు కాదు. పుస్తకాల్లో దాన్ని పిత్తాశయం అంటారు. మన ఇళ్లలో చేదుకట్టు. కోడిని కోసేటప్పుడు, చేపని కడిగేటప్పుడు మా అమ్మ అరిచేది, "చేదుకట్టు పగలనీకే, కూరంతా చేదైపోద్ది" అని. ఆకుపచ్చటి ఆ చిన్న సంచిని పగలకుండా కాలేయం నుంచి విడదీసి పారేయడం మా పల్లెలో పదేళ్ల పిల్లకి కూడా వచ్చు. మా తాత చచ్చిన గొడ్లకి తోలు తీసేవాడు. గొడ్డు చేదుకట్టులో ఎప్పుడైనా పసుప్పచ్చటి రాయి దొరికితే గుడ్డలో కట్టి దాచేవాడు. దాని పేరు గోరోచనం. ఆయుర్వేదం మందుల్లో వేస్తారు, పూజల్లో వాడతారు, బొట్టు పెట్టుకుంటారు. గొడ్డు పొట్టలో రాయి పవిత్రం. దాన్ని చేత్తో బయటికి తీసినవాడు అంటరానివాడు. నా పొట్టలో దొరికిన మూడు రాళ్లని నర్సమ్మ సీసాలో వేసి ఇచ్చినప్పుడు నాకు మా తాతే గుర్తొచ్చాడు. మనిషి రాళ్లకి ఆ గిరాకీ లేదు లెండి.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పసరుని తయారు చేసేది గాల్ బ్లాడర్ కాదు, కాలేయం. రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా చేస్తుంది. గాల్ బ్లాడర్ దాన్ని దాచి, అందులో నీళ్లు పీల్చేసి, చిక్కబరిచి ఉంచుతుంది. దానిలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. మనం నూనో కొవ్వో ఉన్న తిండి తినగానే పేగులో ఒక హార్మోన్ పుడుతుంది. అది కబురు పెడితే సంచి ముడుచుకుని పసరుని పేగులోకి వదుల్తుంది. కొవ్వు అరగాలంటే పసరు కావాలి.

సంచి తీసేస్తే చెరువు పోయి కాలవ మిగిలినట్టు. కాలవలో నీళ్లు సన్నగా పారుతూనే ఉంటాయి. మడికి ఒక్కసారిగా తడి కావాలంటే మాత్రం రావు. అందుకని రెండు తిప్పలు. ఒకేసారి ఎక్కువ కొవ్వు తింటే అరక్క పొట్ట ఉబ్బుతుంది, విరేచనం జిడ్డుగా పోతుంది. రెండోది, తిండి ఉన్నా లేకపోయినా పసరు పారుతుంటుంది కాబట్టి, అందులో కొంత పెద్దపేగు దాకా పోయి అక్కడ మంటపుట్టి నీళ్ల విరేచనాలవుతాయి. చాలామందికి కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో ఒళ్లు దీనికి అలవాటుపడుతుంది. కొందరికి ఎక్కువ కాలం పడుతుంది. నాకు ఐదు నెలలు పట్టింది.

డిశ్చార్జి రోజు నా చేతిలో ఒక కాగితం పెట్టారు. ఆ ఆస్పత్రి పేరు మనకి అనవసరం. మీలో చాలామందికి అలాంటి కాగితమే ఇచ్చారని మీ ఫోన్లే చెప్పాయి. మానేయాల్సినవి: మాంసం, చేపలు, గుడ్లు, ఎండుచేపలు, పచ్చళ్లు, మసాలాలు. తినాల్సినవి: ఇడ్లీ, పెరుగన్నం, పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి, పాలు, పనీర్, సగ్గుబియ్యం జావ.

అక్కడే అడిగాను.

"మేడం, మాంసం ఎందుకొద్దు?"

"కొవ్వుంటుందమ్మా."

"మరి నెయ్యి రాశారే?"

"నెయ్యి సాత్వికం కదమ్మా, తేలిగ్గా అరుగుద్ది."

"నెయ్యి కొవ్వు కాదా మేడం?"

ఆ పిల్లకి పాతికేళ్లు ఉంటాయేమో. కోపం తెచ్చుకోలేదు, అది మెచ్చుకోవాలి. "ఈ ఛార్ట్ నేను రాసింది కాదండీ, ఇక్కడ ఎప్పట్నించో ఇదే ఇస్తున్నాం" అంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, ఫోన్‌లో పట్టికలు తీసి నాతోపాటు లెక్కేసింది. ఆ లెక్క మీరూ రాసుకోండి. అటూఇటూగా చెప్తున్నాను.

నెయ్యి, నూనె దాదాపు మొత్తం కొవ్వే. చిన్న చెంచాకి 5 గ్రాములు. గేదెపాలు ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు తాగితే 13 గ్రాములు. పనీర్ 100 గ్రాములు తింటే 15 నుంచి 25 గ్రాములు. ఒక గుడ్డులో 5 గ్రాములు, అదీ పచ్చసొనలోనే. తెల్లసొనలో ఏమీ ఉండదు. తోలు తీసిన కోడి ఛాతీముక్క 100 గ్రాముల్లో మూడు నాలుగు గ్రాములు. కొవ్వు కోసేసిన గేదెమాంసం, మన పెద్దకూర, 100 గ్రాముల్లో రెండు మూడు గ్రాములు. వేరుశనగపప్పులో సగానికి దగ్గరగా కొవ్వే. పచ్చికొబ్బరిలో మూడో వంతు. అంటే ఇడ్లీకి అడ్డు లేదు గానీ, పక్కన గిన్నెడు కొబ్బరి చట్నీ పోసుకుంటే పథ్యం అక్కడే పోయింది.

పొట్టకి కులం తెలీదు. దానికి తెలిసింది గ్రాములే. ఆ కాగితానికి మాత్రం కులం తెలుసు. అగ్రహారం వంటగదిలో ఉండేదంతా పథ్యం, మన పొయ్యి మీద ఉండేదంతా జబ్బు అని అది చెప్పకుండానే చెప్తుంది. 1948లో బాబాసాహెబ్ 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడి విప్పి చూపించారు. 2012లో ఉస్మానియా యూనివర్సిటీలో బీఫ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు ఆ గొడవ మళ్లీ రోడ్డెక్కింది. రోడ్డు మీద మనకి గొంతుంటుంది. ఆస్పత్రి మంచం మీద అది లేవదు. ఎదురుగా తెల్లకోటు, ఒంట్లో కుట్లు, చేతిలో బిల్లు. అందుకే తలూపి వచ్చేస్తాం.

తలూపితే పోయేదేమిటో చూడండి. మన ఆడవాళ్లలో రక్తం తక్కువ లేనివాళ్లు ఎంతమంది? పెద్దకూర, కార్జం, ఎండుచేప, గుడ్డు మన ఇళ్లకి అందే చవకైన బలం. రక్తం పట్టే ఇనుము, కండ పట్టే ప్రొటీన్ అందులోంచే వస్తున్నాయి. అవన్నీ మానిపించి పనీర్ తినమంటే, పనీర్ కొనేదెవరు? చివరికి కంచంలో మిగిలేది తెల్లన్నం, చారునీళ్లు, మజ్జిగ.

మన కూరని పొగడ్డానికి ఇది రాయట్లేదు. పెళ్లిలో కొవ్వుముక్క మన దగ్గర గౌరవం ముక్క. చుట్టానికి ఏరి వేస్తారు. అది ఇప్పుడు నాకు పడదు. బోటి, నూనె తేలే పులుసు, కొవ్వులో వేయించిన తునకలు పడవు. మొన్న మా మేనకోడలి పెళ్లిలో వదిన కొసరి వడ్డిస్తుంటే, "వదినా, చీలికలున్న ఎర్రముక్క వెయ్యి, కొవ్వు అన్నయ్యకెయ్యి" అన్నాను. ఇంట్లో అయితే మాంసం ముందే ఉడకబెట్టి చల్లారనిస్తాను. పైన తెల్లగా పేరుకున్న కొవ్వుని చెంచాతో తీసేస్తాను. తర్వాత అల్లం, వెల్లుల్లి, ధనియాలు, రెండు చెంచాల నూనెతో నలుగురికి కూర. కారం తగ్గించాను. గుంటూరు మనిషికి అదే పెద్ద త్యాగం.

ఇక బరువు. ఆపరేషన్ నాటికి నేను 64 కిలోలు. రెండున్నర నెలల్లో 57కి దిగాను. తిన్నది నిలవక, తినడానికి భయమేసి. జుట్టు ఊడింది, మెట్లెక్కితే ఆయాసం. తొమ్మిదో నెలకి 66. అందరూ "కోలుకున్నావ్" అన్నారు. అది కోలుకోవడం కాదు. నూనె తగ్గిన పొట్ట ఊరుకోదు, ఆకలేస్తుంది. ఆ ఆకలిని అన్నంతో, బ్రెడ్డుతో, టీలో బిస్కెట్లతో నింపుతాం. అవి పొట్టని గొడవ పెట్టవు కాబట్టి మంచివనిపిస్తాయి. పైగా విరేచనాలు తగ్గి తిన్నది ఒంటబట్టడం మొదలవుతుంది. బరువు నడుముకొస్తుంది, కండకి రాదు. షుగరున్న ఇంటివాళ్లు దీన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. ఇప్పుడు 62 దగ్గర నిలిచాను.

నిలబెట్టిన పద్ధతి ఇది. మూడు పూటల తిండిని ఐదుగా విడగొట్టాను. అన్నం కొలత సగం చేసి, ప్రతిసారీ పప్పో, తెల్లసొనో, చేపో, మాంసమో పక్కన ఉండేట్టు చూసుకున్నాను. కొవ్వు పూర్తిగా మానలేదు, మానకూడదు కూడా. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వుతోనే ఒంటికి పడతాయి. ఉన్న నూనెని పూటకి కొంచెంగా పంచుకోవాలి, అంతే. పీచు కావాలి, కానీ ఒక్కసారిగా పెంచితే గ్యాస్. ముందు అరటిపండు, తర్వాత జామ, తర్వాత రాగిసంకటి, మెల్లగా ఆకుకూర. పొద్దున్నే ఖాళీ కడుపున కాఫీ నాకు అస్సలు పడలేదు. ఏ తిండి గొడవ చేసిందో ఒక పాత డైరీలో రాసుకున్నాను. మీ డైరీ, నా డైరీ ఒకటి కావు. మీది మీరు రాయండి.

తిరిగే పని చేసేవాళ్లకి ఇంకో కష్టం. ప్రతి ఆగస్టు 6న చుండూరు వెళ్తాం, 1991లో పోయినవాళ్లని తలుచుకోవడానికి. పోయిన ఏడాది ఆ రోజు పొద్దున్నుంచి నేను తిన్నది ఒక అరటిపండు. ఎందుకంటే దారిలో ఎక్కడా ఆడవాళ్లు వెళ్లగలిగే మరుగుదొడ్డి లేదు. ఈ జబ్బులో తిన్న అరగంటకే పొట్ట పిలుస్తుంది. మీటింగు పెట్టే తమ్ముళ్లకి చెప్తున్నాను. మైకు, బ్యానరు, వాటర్ బాటిళ్లతోపాటు తలుపున్న, నీళ్లున్న మరుగుదొడ్డి కూడా ఏర్పాట్లలో రాయండి. నా ఒక్కదానికోసం కాదు, ఎంతోమంది అక్కలు నోరు తెరిచి అడగరు.

నెలలు గడిచినా నీళ్ల విరేచనాలు ఆగకపోతే "ఆపరేషన్ తర్వాత ఇంతేలే" అని ఊరుకోకండి. పసరుని పేగులో పట్టి ఉంచే మందుంది, కొలెస్టిరమిన్ అని, నీళ్లలో కలుపుకునే పొడి. డాక్టర్ రాస్తేనే వాడాలి. అది మిగతా మాత్రల్ని కూడా పట్టేసుకుంటుంది. థైరాయిడ్ మాత్రలాంటివి దానికి గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. నా మూడు నెలల తిప్పలకి ఆ పొడే దారి చూపింది. జ్వరం, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, విరేచనం సున్నంలా తెల్లబారడం, పాత నొప్పి మళ్లీ రావడం, వీటిలో ఏది కనపడినా ఇంట్లో పథ్యాలు చేయొద్దు, అదే రోజు ఆస్పత్రికి పోండి. గాల్ బ్లాడర్ తీసినా పసరు గొట్టంలో రాయి ఉండిపోవచ్చు.

చివరిగా మిరప కోతలకి పోయే నా చెల్లెళ్ల మాట. ఈ రాళ్లు ఎవరికొస్తాయో గుర్తుపెట్టుకోవడానికి వైద్య విద్యార్థులకి ఇంగ్లీషులో నాలుగు మాటలు నేర్పుతారట. ఆడది, నలభై ఏళ్లు, లావు, పిల్లలు పుట్టినది. ఆ నాలుగింటిలో ఖాళీ కడుపు లేదు. పొట్ట ఎక్కువసేపు ఖాళీగా ఉంటే పసరు కదలక సంచిలోనే చిక్కబడుతుంది, రాళ్లకి అదీ ఒక దారి. తెల్లారి ఆరింటికి టీ తాగి ఆటో ఎక్కి, మధ్యాహ్నం ఒంటిగంటకి క్యారేజీ విప్పే బతుకులో ఆ ఖాళీ రోజూ ఉంటుంది. పొట్ట పెద్దగా కోయకుండా చిన్న గాట్లతో గాల్ బ్లాడర్ తీయడం 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె అనే సర్జన్‌తో మొదలైంది. 1985 అంటే మనకి కారంచేడు. గాట్లు చిన్నవి కాబట్టి ఆపరేషన్ చిన్నదనుకుని మేస్త్రీలు పదో రోజుకే కబురు పెడుతున్నారు. లోపల కోసింది చిన్నది కాదు. బరువులెత్తే పనికి ఎప్పుడు వెళ్లొచ్చో డాక్టర్‌ని అడిగి, కాగితం మీద రాయించుకుని, ఆ కాగితం మేస్త్రీకి చూపించండి. క్యారేజీలో అన్నంతోపాటు రెండు అరటిపళ్లు, ఉడికిన గుడ్డు పెట్టుకోండి. పది గంటలకి గట్టు మీద కూర్చుని తినండి. ఎవరైనా గొణిగితే, ఇది డాక్టర్ చెప్పిన మందు అనండి.

ఆస్పత్రిలో మీకిచ్చిన డైట్ కాగితం పారేయకండి. తీసుకెళ్లి అడగండి. "ఇందులో మా ఇంట్లో వండేది ఏదీ లేదు. మా వంటలో ఏది, ఎంత తినొచ్చో గ్రాముల్లో రాసివ్వండి" అనండి. అడిగితే రాసిస్తారు. నాకు ఆ పిల్ల రాసిచ్చింది. 'పెద్దకూర, కొవ్వు లేకుండా, 75 గ్రాములు, వారానికి రెండుసార్లు' అని తన చేతిరాతతో. దాన్ని లామినేషన్ చేయించి వంటింట్లో తగిలించాను.

వచ్చే భాగంలో రక్తం తక్కువ గురించి, మన పిల్లల హాస్టల్ మెనూల గురించి.

జై భీమ్.
(ఇంకా ఉంది)