ఎల్లంతకుంటలో పూలబడి

మొన్న భాద్రపద బహుళపక్షమున మా ఆడుబిడ్డ యింటికి ఎల్లంతకుంట పోయి, అచ్చట కొన్ని దినములు నిలిచితిమి. ఈ యూరు 2016వ సంవత్సరమున కరీంనగరము నుండి వేరుపడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలోని మండల కేంద్రము. త్రోవ పొడవునను ప్రత్తిచేలు, మక్కచేలు, గట్లపై పచ్చని తంగేడు, చేల నడుమ తెల్లని గునుగు. ఈ మండలమునందే అనంతగిరి వద్ద 3.5 టి.ఎం.సి.ల నీరు పట్టు అన్నపూర్ణ జలాశయము కలదు. దానిని చూచిన ముచ్చట మరియొకమారు వ్రాసెదము. ఇప్పుడు చెప్పబోవునది ఒక అంగనవాడి ముంగిటి సంగతి.

చెల్లెండ్రారా, ముందు మా యింటి మాట చెప్పుకొనవలెను. మాకు నాలుగేండ్ల కూతురు. మావారు బడిపంతులు, మేము చిన్ననాట నాయనగారి యొద్ద అమరము వల్లించినవారము. ఇంకేమి! పిల్లకు మూడవయేడు నిండకమునుపే పలక చేతి కిచ్చితిమి. ఓనమాలు దిద్దించితిమి, శ్లోకములు నేర్పి, వచ్చిన చుట్టముల యెదుట ఒప్పజెప్పించితిమి. గడచిన వేసవి నుండి పలక కనబడిన చాలు, పిల్ల ఏడ్చుచుండెను. ఒకనాడు దానిని బియ్యపు డబ్బాలో దాచెను. రాత్రి నిద్రలో "నేను రాయ, నేను రాయ" అని పలవరించెను. మావారు కోపపడిరి, మేమును ఒక దెబ్బ వేసితిమి. వ్రాయుటకు సిగ్గగుచున్నది.

ఎల్లంతకుంటలో మా ఆడుబిడ్డ మనుమరాలు అంగనవాడికి పోవుచుండగా మా పిల్లయు వెంటబడెను. మేమును పోయితిమి. సమగ్ర శిశు అభివృద్ధి పథకము పేర 1975 అక్టోబరు 2న మొదలైన ఈ కేంద్రములలో పసివారికి అన్నముతో పాటు ఆటపాటలును కలవని చదువరు లెరుగుదురు. పెత్రమాస దగ్గరపడుచుండెను. పెత్రమాస యనగా భాద్రపద అమావాస్య. ఆనాడే ఎంగిలిపూల బతుకమ్మ. పిల్లల చేతనే ఒక బతుకమ్మను పేర్పింపవలెనని అచ్చటి టీచరమ్మ తలచెను.

మొదటినాడు పిల్లలను చేని గట్టుకు గొనిపోయిరి. పురుగు పుట్ర భయముండును గనుక టీచరమ్మ ఇద్దరు తల్లులను కూడ పిలిపించెను. ఆయమ్మ కఱ్ఱతో ముందు నడచెను. గునుగు చేలలో తనంత మొలచు కలుపు. రైతు పీకి పారవేయును, ఆడువారు ఏరి తెచ్చుకొందురు. దాని కంకి కొన గులాబిరంగనియు, క్రిందికి వచ్చుకొలది వెండివలె తెల్లనగుననియు ఒక బుడుతడు చూపువరకు మేము గమనింపలేదు. అమరములోని వనౌషధివర్గము గడగడ అప్పజెప్పగలము. అందలి చెట్లలో సగము మేము కంట చూచినవి కావు. మా పిల్ల మా కొంగు విడువలేదు.

మరునాడు పూలను రాసులు పోసిరి. పొడుగు కాడ ఒకవైపు, పొట్టి కాడ ఒకవైపు. పచ్చనివి వేరు, తెల్లనివి వేరు. పళ్లెరమున ఆముదపుటాకులు పరచి, చుట్టు వరుసలుగా పేర్చుచు పోయిరి. నాలుగు వరుసలు లేచినవో లేదో, అంతయు ఒరిగి కూలెను. ఒక చిన్నది ఏడ్చెను. మేము సర్దబోగా టీచరమ్మ సైగచేసి వారించి, "ఎందుకు పడ్డది బిడ్డా?" అని పిల్లల నడిగెను. ఒకడు గాలి యనెను. ఒకతె పిల్లి యనెను, పిల్లి లేకున్నను! అప్పుడు మా పిల్ల మా కొంగు విడిచి పోయి, పూల నడుమ చేయిపెట్టి తడవి, "లోపట ఏం లేదు" అనెను.

పదుగురు లేచి తంగేడాకు దూసి తెచ్చిరి. నడుమ ఆకు కూరి, మరల పేర్చిరి. మా పిల్ల వరుసలెన్నెను: అయిదు, ఆ మీద ఒకటి. పలక ముందు కూర్చుండబెట్టి మేము అడిగినపుడు మూడు దాటి చెప్పనిది!

ఆ రాత్రి మావారికి చెప్పితిమి. ఆయన, పిల్లలు తాము కోరి చేపట్టిన ఒక పని చుట్టు చదువు నల్లవలెనని 1918లో అమెరికాలో కిల్పాట్రిక్కు వ్రాసిన సంగతియు, 1920లో భావనగరమున గిజుభాయి తెరచిన బాలమందిరమును, 1939లో అడయారుకు మాంటిసోరి వచ్చుటయు వరుసగా చెప్పసాగిరి. మా ఆడుబిడ్డ వినివిని, "గింత దానికి అమెరికా దాక ఎందుకు తమ్మీ? నాకు బతుకమ్మ ఎవరు నేర్పిన్రు? అమ్మ పక్కన కూసోని పేర్సిన, అంతే" అనెను. మావారు నవ్విరి గాని, "మరి అక్షరములో?" అని అడుగుట మానలేదు. ఆ ప్రశ్న మాకును ఉన్నది. బతుకమ్మ ఏడాది కొకమారే వచ్చును. తక్కిన దినములలో ఏమి పేర్పింతుమో మాకింకను తెలియదు.

పెత్రమాసనాడు సాయంకాలము ఆ చిన్న బతుకమ్మను తల్లులే నీట విడిచిరి. పిల్లలను గట్టుమీదనే నిలిపిరి. తిరుగు బస్సులో మా పిల్ల ఒక కాగితపు పొట్లము విప్పనీయక పట్టుకొనియుండెను. అందులో ముదిరిన గునుగు కంకులు దులిపి తెచ్చిన, నల్లగా నిగనిగలాడు గింజలు. ఇంటికి వచ్చి పగిలిన కుండలో చల్లితిమి. "ఎన్నడు మొలుచును?" అని ప్రతి ఉదయము మమ్ము లేపుచున్నది. పలక బియ్యపు డబ్బాలోనే యున్నది, మేము తీయలేదు.