చాకులియా ఎరుపు

"తుప్పెట్టొద్దురా బాబూ అంటే వినరండీ. ఇనుంలో పుట్టి ఇనుంలో పెరిగినోళ్ళం, తుప్పంటే ఏటో మాకు తెలీదేటి?" జంషెడ్‌పూర్‌లోని సోనారిలో విన్న ఫిర్యాదు ఇది. చేసినాయన స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి జంషెడ్‌పూర్ చేరిన కుటుంబం. పేరు అచ్చులో వద్దన్నారు. జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళ గురించి రాయమంటే బిష్టుపూర్ రామమందిరంతో మొదలుపెట్టడం రివాజు. సంపాదకులు మన్నించాలి, నేను ఒక బల్ల దగ్గరే ఆగిపోయాను. ఆ బల్ల మీద రెండో ప్రపంచయుద్ధం నాటి బి-29 సూపర్‌ఫోర్ట్రెస్ బాంబర్ నమూనా ఉంది, 1:72 స్కేలులో. అసలు విమానానికి రెక్కల వెడల్పు 43 మీటర్లు, బల్ల మీద 60 సెంటీమీటర్లు. అతికించడం, రంగెయ్యడం అయిపోయాయి. మిగిలింది వెదరింగ్. అంటే ఎండకీ వానకీ, నూనెకీ పొగకీ, దుమ్ముకీ తిరిగి వాడిన విమానంలా దాన్ని పాతబరచడం. ఆయన కోపమంతా సాటి అభిరుచిపరుల మీద. రివెట్ల దగ్గర నుంచి ఎర్రటి తుప్పు చారలు దించుతారట. బి-29 ఒంటి రేకు అల్యూమినియం మిశ్రమం, పైన స్వచ్ఛమైన అల్యూమినియం పొర. అది గాలికి మసకబారి బూడిదరంగుకి తిరుగుతుంది తప్ప ఎర్రగా తుప్పు పట్టదు. ల్యాండింగ్ గేరులో, ఎగ్జాస్ట్ గొట్టాల్లో ఉక్కు ఉంది కాబట్టి అక్కడ గోధుమరంగు మచ్చ పడితే ఒప్పుకోవచ్చు. రెక్క నడిమధ్యలో పడితే అది అబద్ధం. ఇంత చెప్పిన మనిషి చేతిలో బ్రష్ మీద ఉన్నది మాత్రం అచ్చం తుప్పు రంగే.

ఆ చేతుల్ని గురించి చెప్పాలి. ఎడమ చేతికి నూలు తొడుగు. లోహపు రంగు వేసిన నమూనా మీద వేలిముద్ర పడితే పోదు. విమానాన్ని బోర్లించి, పొట్ట పైకి వచ్చేలా పట్టుకున్నారు. కుడిచేత్తో పొడిరంగుని థిన్నర్‌లో కలిపి చక్రాల వెనక, ఫ్లాపుల అడుగున, తోక కింద పూశారు. ప్రొపెల్లర్లూ టైర్లూ లేపిన దుమ్ము వెళ్ళి పడేది అక్కడే. థిన్నర్ ఆరిపోయాక చెవుల్లో పెట్టుకునే దూదిపుల్లతో తుడవడం మొదలైంది, ఎప్పుడూ ముక్కు వైపు నుంచి తోక వైపుకే. ఎగిరే విమానం మీద గాలి అలాగే పోతుంది కనుక. పూసినదాంట్లో ముప్పావు వంతు దూదికి వచ్చేసింది. మిగిలిన పావూ రేకుల అతుకుల్లో, రివెట్ల వెనక నీడలా నిలిచింది. బల్ల పక్కన ఒక సీసాలో నిజం మట్టే ఉంది, చాకులియా అనే ఊరిది. దాన్నే పూయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కుదరదు. ఎంత మెత్తగా నూరినా మట్టి రేణువు ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉందనుకుంటే, 72 రెట్లు చేసి చూసినప్పుడు మూడున్నర మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. విమానానికి దుమ్ము పట్టినట్టు ఉండదు, కంకర చల్లినట్టు ఉంటుంది. అందుకని సీసాలోని మట్టి రంగు సరిపోల్చుకోవడానికి మాత్రమే. నిజాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి అంటిస్తే అబద్ధమయ్యే పని ఇది. రంగునీ రేణువునీ విడదీసి, ఒకదాన్ని ఉంచి ఇంకొకదాన్ని వదిలెయ్యాలి.

టాటానగర్ నుంచి ఖరగ్‌పూర్ వెళ్ళే రైలు దారిలో ఘాట్‌శిలా దాటాక ధల్‌భూమ్‌గఢ్, ఆ తర్వాత చాకులియా. ఇవాళ సోనారిలో చిన్న విమానాలు దిగే రన్‌వే చూసి ఈ జిల్లాకి ఆకాశంతో ఉన్న సంబంధం అంతే అనుకుంటే పొరపాటు. 1944 ఏప్రిల్లో అమెరికా నుంచి బి-29లు చాకులియాలో దిగాయి. 40వ బాంబర్ గ్రూపు స్థావరం అదే. ఖరగ్‌పూర్, పియార్‌డోబా, దూధ్‌కుండీలు తక్కిన స్థావరాలు. వీటన్నిటినీ నడిపిన ఇరవయ్యో బాంబర్ కమాండు హిజ్లీ జైలు భవనంలో కూర్చుంది. ఇవాళ ఐఐటీ ఖరగ్‌పూర్ మ్యూజియం ఉన్నది ఆ భవనంలోనే. బి-29ల మొట్టమొదటి దాడి 1944 జూన్ 5న బ్యాంకాక్ రైల్వే యార్డుల మీద జరిగింది. 98 విమానాలు ఈ ఎర్రనేల మీద నుంచే లేచాయి. మన తెలుగు జ్ఞాపకంలో యుద్ధ విమానమంటే 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేసిన జపాను విమానం. వాటికి ఎదురు వెళ్ళినవి మన రైలు దారి పక్కనే నిలబడ్డాయన్న సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

నమూనా మీద వెదరింగ్ అలంకారం కాదనీ, అదొక సాక్ష్యమనీ నేను వాదించబోయేది ఇక్కడి నుంచే. డబ్బా మీద బొమ్మలో విమానం ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది. రంగుల పట్టిక స్క్వాడ్రను పేరు చెబుతుంది, డెకాల్స్ అనే అంటింపు గుర్తులు పైలట్ ముచ్చట చెబుతాయి. ఆ విమానం నిలబడ్డ నేల, దాన్ని దిద్దిన మెకానిక్కు, రన్‌వే పరిచిన కూలీ నమూనాలోకి రావడానికి మురికి ఒక్కటే దారి. ఆ మురికి ఫలానా నెలదీ ఫలానా నేలదీ కాకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. బి-29 నమూనాలతో వచ్చే గుర్తులు ఎక్కువగా పసిఫిక్ దీవులవి, మరీ ముఖ్యంగా హిరోషిమా మీద అణుబాంబు వేసిన ఎనోలా గే గుర్తులు. ఆ విమానాలున్న టినియన్ దీవి రన్‌వేలు పగడపు రాతివి, అక్కడ దుమ్ము తెలుపు. 40వ గ్రూపు 1945లో చాకులియా వదిలి వెళ్ళింది కూడా టినియన్‌కే. అంటే ఒకే విమానం ఒక ఏడాదిలో ఎర్రదుమ్మూ పట్టుకుంది, తెల్లదుమ్మూ పట్టుకుంది. ఏప్రిల్లో పొడిగుండ, జులైలో చక్రాల గూళ్ళలో ముద్దలు కట్టిన బురద. కిట్ కొన్నవాడు ఇవేమీ పట్టించుకోకుండా సందుల్లో నల్లరంగు కారిస్తే అది ఏ ఊరి విమానమూ కాదు.

ఈ మూస ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. బెల్జియానికి చెందిన ఫ్రాన్స్వా వెర్లిండెన్, ఆ తర్వాత స్పెయిన్‌కి చెందిన మిగ్ హిమెనెస్ లాంటి నిపుణులు పేరు తెచ్చుకున్నది ప్రధానంగా ట్యాంకుల మీద. చిట్లిన రంగు, కారిన తుప్పు, పొడిరంగుల పొరలు ట్యాంకుకి సహజం. అది ఉక్కు, బురదలో పొర్లే బండి. ఈ విద్యలే సీసాల్లోకెక్కి అమ్మకానికొచ్చాక విమానం కొన్నవాడూ అవే కొన్నాడు. తుప్పు సీసా ఉంది కాబట్టి తుప్పు పూస్తున్నాడు. మా పెద్దాయన ఉక్కిరిబిక్కిరయ్యేది అందుకే. యుద్ధకాలంలో ఉక్కు కవచపు రేకులు చేసి, టాటానగర్ అని పేరుపడ్డ సాయుధ శకటాలకి తొడిగిన ఊరు ఇది. ట్యాంకు మురికికీ విమానం మురికికీ తేడా ఈ ఊరివాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

పొగ విషయంలోనూ ఇంతే. ఎగ్జాస్ట్ వెనక మసి నల్లగా ఉండాలని అందరూ అనుకుంటారు. ఆనాటి విమానాల పెట్రోలులో సీసం కలిపేవారు. దూరప్రయాణంలో పెట్రోలు ఆదా కోసం గాలిపాలు పెంచి నడిపితే గొట్టాల వెనక పడేది నల్లమసి కాదు, లేత బూడిదా గోధుమా కలిసిన పూత. చాకులియా విమానాలు చేసిన పనంతా దూరప్రయాణమే. దాడికి ముందు పెట్రోలూ బాంబులూ తామే హిమాలయాల మీదుగా చైనాలోని చెంగ్డూ దగ్గరి స్థావరాలకి మోసుకుపోవాలి. ఆ కొండల దాటుకి సైనికుల మాటలో మూపురం అని పేరు. దాటినప్పుడల్లా ముక్కు పక్కన ఒక ఒంటె బొమ్మ వేసేవారు, దాడికి వెళితే బాంబు బొమ్మ. ఒంటెలు బారులు తీరిన విమానానికి నల్లమసి పూయడమంటే, వరస తెలిసిన పెద్దముత్తయిదువ ముందు తప్పు పాట ఎత్తుకున్నట్టు. ఇక నూనె సంగతి. పద్దెనిమిది సిలిండర్ల ఆ రైట్ ఇంజన్లు మొదటి నుంచీ వేడికి పేరుమోసినవి, పైగా సింగ్‌భూమ్ వేసవి. నూనె చారలు ఎంత దిగినా తప్పు పట్టలేం.

దీని మీద అభ్యంతరాలు లేకపోలేదు. చిన్న నమూనాని గదిలో దీపం కింద చూస్తాం, కాబట్టి కొంచెం అతి చెయ్యకపోతే ఏమీ కనపడదు అంటారు. నిజమే. ఎండలో పెద్ద విమానానికి పడే నీడలు చిన్నదానికి పడవు. మోతాదు పెంచుకోవచ్చు, అయితే కారణం మార్చకూడదు. చక్రం వెనక దుమ్ము రెండింతలు వేసినా చక్రం వెనకే ఉండాలి. 1:72లో ఒక మిల్లీమీటరు రంగు చిట్లితే అసలు మీద ఏడు సెంటీమీటర్ల పెచ్చు ఊడినట్టని గుర్తుంటే చెయ్యి దానంతటదే తగ్గుతుంది. ఇంకొకరంటారు: రన్‌వే గట్టిదే కదా, ఎర్రమట్టి ఎక్కడిది? రన్‌వే అంచులూ, విమానాలు నిలిపే చోట్లూ, మెకానిక్కుల బూట్లూ లేవా? రెక్క మొదట్లో బూటు ముద్రలు పడేది ఎక్కడి మట్టితో? ఫొటోల్లో ఎరుపు కనపడదే అన్నది కాస్త గట్టి ప్రశ్న. నలుపూ తెలుపూ ఫొటోలో మెరిసే అల్యూమినియం మీద ఎర్రదుమ్ము ముదురు మరకలాగే పడుతుంది. ఎరుపుకి స్పందించని ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్ అయితే దాదాపు నల్లగా పడుతుంది. అంటే మనం మసి అనీ నూనె అనీ చదువుతున్న మరకల్లో కొన్ని మట్టి కావచ్చు. ఫొటో ఒక్కటే చాలదు, ఆ ఊరి మట్టి కూడా చూడాలన్నదానికి ఇది బలమే చేకూరుస్తుంది.

అసలు విమానాలే మ్యూజియాల్లో ఉండగా నమూనాలెందుకు అనేవాళ్ళకి విశాఖ బీచ్ రోడ్డులోని టీయూ-142ని చూపిస్తాను. నౌకాదళంలో 29 ఏళ్ళు తిరిగి, 2017లో మ్యూజియమైంది. ఆరుబయట ఉప్పుగాలిలో నిలబెట్టిన విమానానికి మళ్ళీ మళ్ళీ రంగు వెయ్యక తప్పదు. రేకు బతకాలంటే మరక పోవాలి. అందులో ఎవరి తప్పూ లేదు. తిరిగిన రోజుల ఆనవాళ్ళు కావాలంటే వెతకాల్సింది మాత్రం ఇలాంటి బల్లల మీదే. చాకులియా మట్టి ఎర్రగా ఉండడానికి కారణం ఇనుము. ఈ పరిసరాల్లో ఉక్కు కర్మాగారం పుట్టడానికీ ఇనుప ఖనిజమే కారణం. తుప్పు పట్టని విమానం మీద తుప్పు రంగు ఎలా వచ్చిందన్న ప్రశ్నకి జవాబు అదే. అది విమానానిది కాదు, నేలది. రివెట్టు నుంచి కారితే తప్పు, పొట్టకి అంటితే ఒప్పు.

మిగిలింది అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ. ఊళ్ళ మీద బాంబులేసిన యంత్రాన్ని ఇంత ముద్దుగా తీర్చిదిద్దడమేమిటని. మురికి లేని, మెరిసే బాంబరుకి ఈ ఆక్షేపణ పూర్తిగా వర్తిస్తుంది. అక్కడ యంత్రం తప్ప ఇంకేమీ లేదు. 1942 అక్టోబరు తుపాను, ఆ వెంటనే 1943 కరువు పక్కనున్న మేదినీపూర్‌ని తుడిచిపెట్టాయి. బెంగాల్ కరువులో పోయినవాళ్ళు ముప్పై లక్షల దాకా ఉంటారని అంచనా. ఆ కరువు సడలకముందే బి-24ల కోసం వేసిన రన్‌వేలని బి-29 బరువుకి తగ్గట్టు పొడిగించే పని మొదలైంది. అమెరికన్ ఇంజనీర్ల యంత్రాలు కొన్ని, స్థానిక కూలీల చేతులు వేలకి వేలు. రాళ్ళు కొట్టినవాళ్ళలో, గంపలు మోసినవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో. విమానం పొట్ట మీది ఎరుపు వాళ్ళ కాళ్ళకి అంటిన ఎరుపే. పెద్దాయన దగ్గర 1:72 మనుషుల బొమ్మల పెట్టె ఉంది. అందులో పైలట్లు, మెకానిక్కులు, బాంబులెక్కించేవాళ్ళు ఉన్నారు, గంప నెత్తినెత్తుకున్న మనిషి లేదు. పుట్టీతో చెయ్యొచ్చు కదా అంటే "చేస్తే విమానం మానేసి ఆవిడినే సూస్తారండీ" అన్నారు. ఆయనతో నాకు పేచీ ఇక్కడొక్కచోటే. చూడనివ్వండి. మనిషి ఎత్తు రెండున్నర సెంటీమీటర్లకి మించదు, గంపలో మట్టికి వేరే రంగు కలపక్కర్లేదు, పొట్టకి కలిపింది ఇంకా మిగిలే ఉంది.