మాను అక్కడే ఉంది, ఇల్లే జరిగింది

సత్యవేడు దగ్గర మా యానాది కాలనీలో మా ఇల్లు ఎక్కడని అడిగితే, "ఆ వేపమాను దగ్గర" అంటారు. మా అవ్వ కాపురానికి వచ్చిననాడు ఆ మాను భుజమంత ఎత్తు ఉండేదట. మా నాయన దాని కొమ్మకు కట్టిన ఉయ్యాలలో పెరిగాడు. నేనూ అంతే. వలలు బాగుచేసుకునేది, తగువులు తీర్చుకునేది, ఎవరైనా పోతే సాగనంపేముందు పడుకోబెట్టేది దాని నీడలోనే.

2021లో మాకు ఇల్లు మంజూరైంది. ఉన్నచోటే కట్టుకోవచ్చు, సాయం 1.80 లక్షల రూపాయలు. వానకు కారే కొట్టంలో పెరిగిన నాకు ఆ రోజు పండగే. ముగ్గు పోయడానికి వచ్చిన మేస్త్రీ మానును చూసి తల అడ్డంగా ఊపాడు. "వేర్లు పునాదిని లేపేస్తాయి. కొట్టేస్తే ద్వారబంధానికి చెక్క కూడా కలిసొస్తుంది" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. మాను కొట్టే మనిషిని రమ్మని చెప్పి వచ్చింది కూడా నేనే.

అవ్వ వచ్చి మాను మొదట్లో కూర్చుంది. "ఒరే నాయనా, ఇంటిని అవతలికి జరుపుకోవచ్చు. మానును జరపగలవా?" అంది.

"ఇన్నేళ్లు కొట్టంలో ఉన్నది చాలదా అవ్వా?" అని కసురుకున్నాను.

"మేము ఈడ ఉన్నామని చెప్పేదానికి మాకు ఏ కాయితం ఉండింది? ఈ మాను ఉండింది."

ఆ మాట నన్ను పట్టుకుంది. తర్వాత చదివి తెలుసుకున్నాను. 2006 అటవీ హక్కుల చట్టం నియమాల్లో సాక్ష్యాల జాబితా ఒకటి ఉంది. అందులో పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. రాసి తీసుకున్న పెద్దల మాట కూడా ఉంది. మాది అడవి భూమి కాదు, ఆ చట్టం మాకు వర్తించదు. కానీ కాగితం లేని జనానికి నేల మీది గుర్తులు సాక్ష్యమేనని చట్టం ఒప్పుకుంది. చదువురాని మా అవ్వకు ఆ సంగతి ముందే తెలుసు.

మేస్త్రీతో మళ్లీ కూర్చున్నాం. ఇంటిని ఎనిమిది అడుగులు వెనక్కి జరిపాం. మానుకు నీళ్లు, సత్తువ అందించే సన్నవేర్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి, కొమ్మల అంచు దాటి కూడా పాకుతాయి. అందుకని మాను వైపు పొడవునా పునాది తవ్వకుండా, గుంతలు తీసి పిల్లర్లు లేపి, నేలకు పైన బీము వేశాం. లావు వేరు అడ్డొచ్చిన చోట గుంతనే పక్కకు జరిపాం. సిమెంటు దూరంగా కలిపాం. మాను మొదట్లో మట్టి పోసి ఎత్తు చేయలేదు, చేస్తే వేర్లకు గాలి ఆడదు. ఇంటిమీదికి వాలిన ఒక్క కొమ్మను కోయించాం.

ఇదంతా ఊరికే కాలేదు. పిల్లర్లకు అప్పు చేశాం. వెనక వేసుకుందామనుకున్న చిన్న గది పోయింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను రాత్రి నేను కన్ను మూయలేదు. తెల్లారి చూస్తే వాకిలి నిండా విరిగిన రెమ్మలు, మాను మాత్రం నిలబడి ఉంది. అన్ని మాన్లూ అలా నిలవవు. తొర్రపడినదాన్ని, ఒరిగినదాన్ని పట్టుకుని కూర్చోమని నేను చెప్పను.

ఊరికి దూరంగా 1.5 సెంటు స్థలాలిచ్చిన కొత్త లేఔట్లు చూశాను. జేసీబీతో చదును చేసిన నేల, వరసగా ఒకే రకం ఇళ్లు. మధ్యాహ్నం ముసలివాళ్లు గోడ నీడ వెంట జరుగుతూ కూర్చుంటారు. 72 గజాల్లో మానుకు చోటెక్కడిది? ఇల్లు కట్టేనాడు అడిగితే ఆలస్యమే. స్థలం కొలిచేనాడే "గీతను మాను పక్కనుంచి గీయండి" అని అందరం కలిసి అడగాలి.

అయ్యవార్లకు ఒక మనవి. పిల్లలచేత వాళ్ల కాలనీలోని పెద్ద మాన్లను లెక్కపెట్టించండి. ఎవరు నాటారో, ఎవరి ఉయ్యాల కట్టారో ముసలివాళ్లను అడిగి, మానుకొక పేజీ రాయించండి. మా వేపమాను పేజీ నేను రాశాను. అది ఇదే.