హగరి దాటాక ఇల్లు వెతుక్కున్నాం

ఆదోనిలో బళ్లారి బస్సెక్కితే ఆలూరు వస్తుంది, ఆ తర్వాత హగరి ఏరు. వేదవతి అన్నా అదే. ఏరు దాటినాక కాసేపటికి రాతిగుట్ట మీద కోట కనబడుతుంది. మాటను బట్టి చూస్తే వేరే రాష్ట్రానికి వచ్చినట్టే అనిపించదు. అంగట్లోనూ ఆటోలోనూ తెలుగే వినబడుతుంది. బోర్డుల మీద అక్షరాలు మాత్రం మారిపోయి ఉంటాయి.

మా తాతల కాలంలో ఇదంతా మద్రాసు రాష్ట్రంలో ఒకటే జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనవైపు వచ్చినాయి. బళ్లారి, మిగతా తాలూకాలు మైసూరు రాష్ట్రానికి పోయినాయి. తెలుగు నాటకానికి పేరు తెచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ అందరూ ఈ ఊరి వాళ్లే అనిపించుకున్నారు. అందుకే బళ్లారి పోతున్నాం అంటే "అదేం పరాయి దేశమా" అని మా వాళ్లు నవ్వినారు. ఇల్లు వెతకడం మొదలుపెట్టినాక గానీ సరిహద్దు యాడుందో మాకు తెలియలేదు.

ఆదోనిలో మేం మిల్లు లైనింట్లో ఉండేవాళ్లం. మా ఆయన నూలు ఖాతాలో పనిచేసేవాడు. మిల్లు మూతపడినాక జీతంతోపాటు ఇల్లు కూడా పోయింది. నెలలోపల ఖాళీ చేయమన్నారు. పాప తొమ్మిదో తరగతి, పిల్లోడు ఐదు. నాకు కుట్టుపని వచ్చు గాబట్టి బళ్లారిలో జీన్స్ యూనిట్ల వైపు చూసినాం. అక్కడ జీన్స్ ప్యాంట్లు కుట్టే ఇళ్లు, ఉతికే యూనిట్లు చాలా ఉన్నాయి. పీసు లెక్కన కూలి.

మొదట బ్రూస్‌పేటలో చూసినాం. "మనె బాడిగెగె ఇదె" అని బోర్డు. మనం బాడుగ అంటాం, వాళ్లు బాడిగె అంటారు, అంతే తేడా. ఇల్లు బాగుంది గానీ అడ్వాన్సు 50,000 అన్నారు. రెండోచోట మాంసం తింటారా అని అడిగి, మా జవాబు విని తలుపేసుకున్నారు. మూడోచోట ఆధార్ కార్డు చూసి "ఆంధ్రా వాళ్లా, రేపు బాకీ పెట్టి పోతే యాడ వెతకాలి" అన్నారు. ఆ మాట కూడా తెలుగులోనే అన్నారు! మా సరిహద్దు భాషలో లేదు, ఆ కార్డు మీది అడ్రసులో ఉంది.

అప్పుడు సిరుగుప్ప నుంచి మా మేనమామ కబురు పెట్టినాడు. అక్కడ ఒక రైసుమిల్లులో మా ఆయనకు పని, కాంపౌండు లోపలే గది, బాడుగ లేదు. పోయి చూసి వచ్చినాం. దోవలో మామ చుట్టుపక్కల క్యాంపుల సంగతి చెప్పినాడు. తుంగభద్ర డ్యాం కట్టి కాలువలకు నీళ్లొదిలినాక కోస్తా జిల్లాల రైతులు ఇటు సిరుగుప్ప, కంప్లి, అటు గంగావతి, సింధనూరు దాకా వచ్చి మెట్టభూములు కొన్నారు. ఉండడానికి గుడిసెలు వేసుకుంటే వాటిని క్యాంపులన్నారు. డెబ్బై ఏళ్లు కావస్తున్నా, మిద్దెలు లేచినా, ఇప్పటికీ క్యాంపు అనే పేరు పోలేదు. "తాత్కాలికం అనుకునే వచ్చినారమ్మా అందరూ" అన్నాడు మామ.

గది చూస్తే నాకు లైనిల్లే గుర్తొచ్చింది. బాడుగ లేదు, నిజమే. పని పోయిన రోజు పిల్లల్ని యాడ పడుకోబెట్టాలి? మా ఆయనకు ఆ గది మీద ఆశ ఉండింది. ఆ రాత్రి ఇద్దరం చానాసేపు వాదించుకున్నాం. "కూలి ఒకచోట, కప్పు ఇంకొకచోట ఉండాల" అన్నాను. పొద్దున్నే మళ్లీ బళ్లారి బస్సెక్కినాం.

చివరికి కౌల్ బజార్‌లో దొరికింది. పేరులోనే కౌలు ఉంది! రేకుల ఇల్లు, రెండు గదులు, బాడుగ 4,000, అడ్వాన్సు 20,000. నా చెవికమ్మలు కుదవ పెట్టి కట్టినాం. ఇంటామె పెద్దావిడ.

"ఎంతమందమ్మా?"

"నలుగురం అవ్వా."

"నీళ్లు దినామూ రావు. డ్రమ్ములుండాయా?"

"రెండుండాయి."

"సాలవు, ఇంగొకటి కొనుక్కో. ఒకటో తేదీ దాటితే మాత్రం నేను సుమ్మనె ఉండను."

మా పాప అంతవరకూ మాట్లాడలేదు. "కన్నడ రాకుంటే బళ్లో చేర్చుకుంటారా అవ్వా?" అనింది. ముసలామె నవ్వి, పలకమీద మన 'క' రాసి, పక్కనే వాళ్ల 'క' రాసి చూపించింది. తలకట్టులోనే కొంచెం తేడా. పాప ఇప్పుడు బజారులో బోర్డులన్నీ చదువుతుంది. అర్థం కొన్నిటికే తెలుస్తుంది. ఎండాకాలం రేకుల కింద మధ్యాహ్నం ఉండలేం, గోనెపట్టాలు తడిపి పైన పరుస్తున్నాం.

ఇటు రావాలనుకునే మన కుటుంబాలకు నాలుగు మాటలు. అడ్వాన్సు ఎంత ఇచ్చినా కాగితం మీద రాయించుకోండి. ఏడాది మించితే రిజిస్ట్రేషన్ చేయించాలి గాబట్టి 11 నెలలకే అగ్రిమెంటు రాస్తారు. అడ్రసు మార్పుకు అదే పనికొస్తుంది. కరెంటు మీటరు మీ ఇంటికి వేరుగా ఉందా చూసుకోండి. కర్ణాటకలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు సగటు వాడకాన్ని బట్టి కట్టిన పరిమితి దాకా కరెంటు ఉచితం, బాడుగకున్న వాళ్లకూ వర్తిస్తుంది. మన రేషన్ కార్డు ఆహార భద్రతా చట్టం కిందిదైతే ఇక్కడి డిపోలో కూడా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. కార్డు రద్దు చేసుకుని రావద్దు. కొళాయి నీళ్లు ఎన్ని దినాలకొకసారి వస్తాయో ఇంటాయన్ను కాదు, పక్కింటోళ్లను అడగండి.

మా అగ్రిమెంటుకు ఇంకా నాలుగు నెలలుంది. మా ఆయనకు ఉతుకు యూనిట్లో పని దొరికింది, రేపు అది ఉంటుందో లేదో తెలియదు. పోయినా మమ్మల్ని ఆ సాయంత్రమే గడప దాటమనేవాళ్లు లేరు. మూడో డ్రమ్ము కూడా కొన్నాం.