పేర్లు వ్రాసిన నేల

మ్యూజియము అనగానే రాజుల కత్తులు, కిరీటములు, బంగారు నాణెములు మన మనస్సులో మెదులుతాయి. కాయకష్టము చేసి బ్రదికినవారి పేర్లు అక్కడ మనకు అరుదుగా కనబడతాయి.

దక్షిణ ఆఫ్రికాలోని కేప్‌టౌన్ పట్టణములో వారి కొరకే ఒకటున్నది. దాని పేరు డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియము. పూర్వము మెథడిస్టు మందిరముగా ఉన్న కట్టడములో 1994 డిసెంబరులో దానిని తెరిచారు.

డిస్ట్రిక్ట్ సిక్స్ ఒక పేట. ఓడరేవు కూలీలు, దర్జీలు, చిన్న అంగళ్లవారు, మన దేశమునుండి వెళ్లినవారు, క్రైస్తవులు, ముస్లిములు, యూదులు అక్కడ కలిసి కాపురముండేవారు. 1966 ఫిబ్రవరి 11న ప్రభుత్వము ఆ పేట తెల్లవారికే అని ప్రకటించింది. తరువాతి సంవత్సరములలో 60,000 మందికి పైగా ప్రజలను దూరపు ఇసుక మైదానములకు తరలించి, ఇండ్లు నేలమట్టము చేశారు. మందిరములు, మసీదులు మాత్రము కొన్ని నిలిచాయి. అంత దూరమునుండి వచ్చి తమ పాత మందిరములోనే ఆరాధించినవారున్నారు.

ఇండ్లు పడగొట్టే పని చూచిన ఒకాయన వీధి పేర్ల పలకలను పారవేయక దాచియుంచాడు. ఇప్పుడవి మ్యూజియములో వ్రేలాడుచున్నవి. నేలమీద ఆ పేట పటము పరచియున్నది. పాత కాపురస్థులు వంగి, తమ ఇల్లున్న చోట తమ పేరు వ్రాసుకొన్నారు. వచ్చినవారు గుడ్డమీద వ్రాసిన మాటలు చెరిగిపోకుండ దారముతో కుడతారు. 2004 ఫిబ్రవరి 11న, మొదట తిరిగివచ్చిన ఇద్దరు వృద్ధులకు నెల్సన్ మండేలా క్రొత్త ఇండ్ల తాళపుచెవులు అందించారు. అటు తరువాత కూడ ఏండ్ల తరబడి ఎదురుచూచినవారు అనేకులు.

ఈ సంగతి మేము ఊరకే చెప్పుటలేదు. మా సంఘములో పాత పెంకుటి మందిరము తీసి క్రొత్తది కట్ట తీర్మానించాము. గంటను, పునాదిరాయిని భద్రము చేయుటకు అందరూ ఒప్పుకొన్నారు. రాళ్లు మోసినవారి పేర్లు, పిడికెడు బియ్యము తీసి కానుక తెచ్చిన తల్లుల పేర్లు కూడ వ్రాయాలని మేమంటే, "అంత చిన్నవారి పేర్లెందుకు?" అని కొందరన్నారు. రోమా పత్రిక చివరి అధ్యాయము తెరిచి చూపించాము. పత్రికను చేతితో వ్రాసిన తెర్తియు పేరు కూడ అందులో ఉన్నది.

మాకు పెద్ద గది అక్కరలేదు, తలుపు ప్రక్కన ఒక పలక చాలును. అయితే ఆ పేర్లు చెప్పగల వృద్ధ తల్లులు ముగ్గురే మిగిలారు. కోతలు ముగియకముందే నోటు పుస్తకముతో వారియొద్ద కూర్చుంటాము. ప్రియ పాఠకులారా, మీ సంఘములో అట్టివారు ఎందరున్నారు?