వెనక బండికి డ్రైవరుండడు!

బండ్ల సంగతి మగవాళ్ళదని మనం పక్కకి తప్పుకుంటాం. కానీ ఆ బండ్లెక్కి తిరిగేది మనమూ, మన పిల్లలూ కదా! అందుకే ఈసారి ఊరగాయల సంగతి పక్కనపెట్టి ఒక బండి సంగతి చెప్తాను. విసుక్కోకుండా వినండి.

రెండేళ్ళ క్రితం మేమిద్దరం తిరుపతి నుంచి అమెరికాలో ఒహాయో రాష్ట్రం, కొలంబస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. మా అల్లుడు, అతని స్నేహితుడు కలిసి ఒక పాత మోటార్‌హోమ్ కొన్నారు. పేరుకి తగ్గట్టే అది చక్రాల మీద ఇల్లు. మన ఆర్టీసీ బస్సంత ఉంటుంది. లోపల గ్యాసు పొయ్యి, సింకు, ఫ్రిజ్, మంచాలు, స్నానాల గది అన్నీ ఉన్నాయి. అలమరలకి గట్టి గొళ్ళేలు. లేకపోతే మలుపులో కందిపప్పు డబ్బా మన నెత్తిమీదే! బయల్దేరేముందు గ్యాసు కట్టేయడం నా వంతు.

అయితే ఆ ఇల్లు వేసుకుని సందుల్లోకి, అంగళ్ళకి పోలేం. లీటరుకి మూడు నాలుగు కిలోమీటర్లకి మించి రాదు. పాల ప్యాకెట్టుకి ఏనుగునెక్కి పోయినట్టు ఉంటుంది! అందుకని అక్కడివాళ్ళు ఒక చిన్న కారునో, పికప్ బండినో దాని వెనక కట్టుకుని తీసుకెళ్తారు. మకాం దగ్గర పెద్దబండిని నిలిపేసి, చిన్నబండిలో ఊరు తిరిగొస్తారు. అలా లాక్కెళ్ళే బండిని వాళ్ళు ముద్దుగా ‘టోడ్’ అంటారు. లాగబడేది అన్నా, కప్ప అన్నా వాళ్ళ భాషలో పలకడం ఒకటే.

మావాళ్ళకి నాలుగు తలుపుల చిన్న పికప్ ఒకటి ఉంది. "తాడేసి కట్టేస్తే సరిపోదా నాయనా?" అన్నారు మా ఆయన. అల్లుడు నవ్వి, "లేదు మామా, దీనికి పెద్ద తతంగముంది" అన్నాడు. ఆ తతంగమంతా రెండు శనివారాలు పక్కన కూర్చుని చూశాను.

ముందుగా చూడాల్సింది బండితో వచ్చిన పుస్తకం. నాలుగు చక్రాలూ నేలమీద ఉండగా లాక్కెళ్ళొచ్చా లేదా అన్నది అందులో రాసుంటుంది. అన్ని బండ్లూ అందుకు పనికిరావు. ఇంజను ఆగిపోతే కొన్ని బండ్లలో గేరుపెట్టెలో నూనె తిరగదు. చక్రాలు మాత్రం లోపలి పళ్ళని తిప్పుతూనే ఉంటాయి. పిండీ నీళ్ళూ లేకుండా గ్రైండరు రాయి తిప్పినట్టన్న మాట! మావాళ్ళ పికప్‌కి నాలుగు చక్రాలకీ బలం పంచే ఇంకో గేరుపెట్టె ఉంది. దాన్ని న్యూట్రల్‌లో పెడితే చక్రాలకీ లోపలి పళ్ళకీ సంబంధం తెగిపోతుంది. హ్యాండ్‌బ్రేకు తీసేయాలి. స్టీరింగు తాళం పడకుండా చూసుకోవాలి.

తర్వాత పికప్ ముందు భాగంలో ఒక ఇనుప పట్టీ బిగించారు. బంపరుకి కాదు, లోపలి ఛాసిస్‌కి బోల్టులతో. దానికి లాగుడు కడ్డీ తగిలిస్తారు. ఆ కడ్డీ ఇంచుమించు నేలకి సమానంగా ఉండాలట. ఒకవైపు మరీ ఎత్తయితే బ్రేకు వేసినప్పుడు ఒకటి ఇంకోదాని మీదకి ఎక్కుతుంది. కడ్డీ కింద రెండు గొలుసులు అడ్డదిడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి వేస్తారు. కడ్డీ ఊడితే ఆ గొలుసులే ఉయ్యాలలా పట్టుకుంటాయి. ముందు బండి నుంచి వైరు లాగి వెనక బండి లైట్లకి కలుపుతారు. అక్కడ బ్రేకు నొక్కితే ఇక్కడా ఎర్రలైటు వెలగాలి.

గొడవంతా బ్రేకు దగ్గర వచ్చింది. పికప్‌లో బ్రేకు పెడల్‌ని నొక్కడానికి ఒక పెట్టె అమ్ముతారు. ముందు బండి ఆగుతుంటే అదే వెనక బండి బ్రేకు నొక్కుతుంది. పొరపాటున రెండు బండ్లూ విడిపోతే ఒక సన్నని తీగ పిన్నును లాగేస్తుంది, వెంటనే వెనక బండికి బ్రేకు పడుతుంది. ఖరీదు వెయ్యి డాలర్ల పైమాటే. "ఇంత పెద్ద బండికి ఆ చిన్నదాని బరువొక లెక్కా?" అన్నాడు స్నేహితుడు.

మా అమ్మాయి ఊరుకోలేదు. "ఒకటిన్నర టన్ను పైచిలుకు బరువు వెనకనుంచి తోస్తుంటే దిగుడులో ఎట్లా ఆపుతావన్నా? దాన్ని తోలేవాడు ఎవడూ లేడు. ముందు బండిలో మన పిల్లలున్నారు. అది కొనకపోతే నేను రాను" అంది. దాని మొండితనం నాకు కొత్తేమీ కాదు కానీ, ఆరోజు మనసులో మెచ్చుకున్నాను. పెట్టె కొన్నారు.

పిట్స్‌బర్గ్‌కి మూడువందల కిలోమీటర్లు. దారంతా ఎగుడుదిగుడు కొండలు. తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పటిలా గేరు తగ్గించి దిగాడు అల్లుడు. బయల్దేరిన కాసేపటికే ఒకచోట ఆపి, పికప్ చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, వేడెక్కాయేమోనని. పెద్దబండిని మకాంలో నిలిపి, కడ్డీ విప్పి, పికప్‌లో పెన్‌హిల్స్ కొండమీది వేంకటేశ్వరుడి గుడికి వెళ్ళాం. 1976లో వెలిసిన గుడి అది. అంత దూరంలో మన స్వామిని చూడగానే కళ్ళు చెమర్చాయి. ఒక్క సంగతి చెప్పడం మరిచాను. వెనక బండి కట్టాక ఒక్క అడుగు కూడా వెనక్కి పోకూడదు! ముందు చక్రాలు ఇష్టమొచ్చినట్టు తిరిగి కడ్డీ వంగిపోతుంది. పొరపాటు సందులోకి పోతే విప్పుకోవాల్సిందే.

"మనకి మోటార్‌హోమ్‌లు లేవు కదా, ఈ సోదెందుకు?" అంటారా? నిజమే, మన నిబంధనలూ వేరు. ఇక్కడ చెడిపోయిన బండినే షెడ్డు దాకా లాక్కెళ్ళాలి. స్టీరింగు దగ్గర లైసెన్సున్న మనిషైనా ఉండాలి, లేదా ముందు చక్రాలు పైకెత్తైనా ఉండాలి. కానీ డ్రైవరు లేని వెనక బండి మనకీ ఒకటుంది. ట్రాక్టరు ట్రాలీ!

మా పుట్టిల్లు చిత్తూరు దగ్గర. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రాత్రింబగళ్ళు బారులు తీరి ఉంటాయి. చాలా ట్రాలీలకి వెనక లైటుండదు. మా పిన్ని కొడుకు ఒక రాత్రి మోటారుసైకిలు మీద వస్తూ, చీకట్లో నిలబెట్టిన అలాంటి ట్రాలీని గుద్దుకున్నాడు. ప్రాణం దక్కింది గానీ, ఏడాది మంచం దిగలేదు. పెళ్ళయి నాలుగు నెలలే అప్పటికి. ఆ పిల్ల ముఖం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంది.

అమెరికా నుంచి రాగానే తమ్ముడి ఇంటికి వెళ్ళి ట్రాలీ చూశాను. లాగుడు పిన్నుకి కింద క్లిప్పు లేదు, గొలుసు లేదు, వెనక ఎర్ర స్టిక్కరు లేదు. "ఏందక్కా, అమెరికా పోయొచ్చి ట్రాలీకి బొట్టు పెడతావా?" అని ఎగతాళి చేశాడు. మా మరదలు మాత్రం మారుమాట్లాడకుండా మర్నాడే స్టిక్కరు తెప్పించి, వెనక రెండు మూలలా తనే అతికించింది. పిన్నుకి క్లిప్పు, గొలుసు కూడా వేయించింది. అన్నీ కలిపి ఒక మంచి నూలుచీర ఖరీదు కూడా కాలేదు.

మీ ఇంట్లోనూ ట్రాక్టరో, చిన్న లారీయో ఉంటే సాయంత్రం ఒకసారి వెనక్కి వెళ్ళి చూడండి. పిన్నుకి క్లిప్పుందా? గొలుసుందా? లైటు వెలుగుతోందా? చీకట్లో టార్చి వేస్తే స్టిక్కరు మెరుస్తోందా? రాత్రి పడుకునేముందు గ్యాసు కట్టేశామా లేదా అని చూసుకోమూ, ఇదీ అంతే. నవ్వితే నవ్వనివ్వండి. ముందు బండివాడికి వెనక కనపడదు. వెనక వచ్చే పిల్లవాడు ఏ తల్లి కొడుకో!